పాతకాలపు పూల చిత్రంలా ఫోటో రావాలంటే నల్ల గుడ్డ ఒక్కటే చాలదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కిటికీ పక్కన బల్ల వేసి, వెనక నల్ల గుడ్డ కట్టి, గాజు కూజాలో గులాబీలు, జెర్బెరాలు పెట్టి ఫోటో తీశారు. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రంలా రావాలనుకుంటే గ్రీటింగ్ కార్డులా వచ్చింది. మాక్రో లెన్స్ కొనాలా, ఫ్లాష్ కొనాలా, లేదంటే ఎడిటింగ్‌లో ఏదైనా ప్రీసెట్ (ఒక్క నొక్కుతో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగ్) వేస్తే సరిపోతుందా?

మూడూ అక్కర్లేదు. మీ వెలుతురు పర్వాలేదు, ఫోకస్ బాగుంది. తేడా ఎక్కడంటే, మీరు ఎదురుగా ఉన్న ఒక పూలగుత్తిని ఫోటో తీశారు. ఆ చిత్రకారుల ఎదురుగా అలాంటి గుత్తి ఎప్పుడూ లేదు.

ఆ చిత్రాల్లో వసంతంలో పూసే తులిప్, నార్సిసస్, వేసవిలో పూసే గులాబీ, ఇంకా ఆలస్యంగా వచ్చే పూలు ఒకే కూజాలో కనిపిస్తాయి. అవన్నీ ఒకే రోజు తాజాగా దొరికే వీలు అప్పట్లో లేదు. పువ్వు పూసినప్పుడు దాన్ని విడిగా చూసి గీసుకునేవాళ్లు, ఆ నమూనాలను దాచుకుని తర్వాత ఒక్క చిత్రంలో కూర్చేవాళ్లు. ఫ్లెమిష్ చిత్రకారుడు యాన్ బ్రూగెల్ (అదే పేరున్న తండ్రీకొడుకుల్లో తండ్రి) 1606లో మిలాన్‌లోని కార్డినల్ ఫెడెరికో బొర్రోమెయోకు రాసిన ఉత్తరంలో, ఆంట్వెర్ప్‌లో దొరకని కొన్ని పూలను స్వయంగా చూసి గీయడానికి బ్రస్సెల్స్ దాకా వెళ్లానని చెప్పాడు. తర్వాతి శతాబ్దపు డచ్ పూల చిత్రకారుడు యాన్ వాన్ హౌసుమ్ అంతకన్నా మొండి. పసుపు గులాబీ దొరకనందువల్ల చిత్రం పూర్తి కాలేదని 1742లో ఉత్తరం రాశాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆయన పూల చిత్రం ఒకదాని మీద 1736, 1737 అని రెండు సంవత్సరాలూ ఉన్నాయి.

ఇంకో సంగతి. ఆ గుత్తుల్లో చాలావాటిని నిజంగా కట్టలేం. అన్ని కాడలు ఆ కూజా మూతిలో పట్టవు. పైన ఉన్న బరువైన పువ్వుకు ఆధారమే ఉండదు. అందుకే అక్కడ ప్రతి పువ్వూ తనకు నప్పే కోణంలోనే తిరిగి ఉంటుంది, పక్కదాని వెనక నలగదు. మనం కూజాలో పూలు గుచ్చితే అవి వాటి ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి, ఒకదాన్నొకటి కప్పేస్తాయి. మీ ఫోటోలో జరిగింది అదే. కాబట్టి అసలు పని కెమెరా పట్టుకోకముందే ఉంది.

ముందు ఏ కాలం, ఎవరి చిత్రం అన్నది తేల్చుకోండి. "డచ్ స్టైల్" అని అందరం అనేస్తాం కానీ అందులో ఒకదానికొకటి పొంతన లేని పద్ధతులున్నాయి. ఆంబ్రోసియుస్ బోస్‌హార్ట్ 1600 తర్వాతి తొలి దశాబ్దాల వాడు. ఆయన గుత్తి దాదాపు రెండు వైపులా సమంగా ఉంటుంది, ప్రతి పువ్వు మీదా ఒకేలాంటి వెలుతురు, నీడలు తక్కువ. కొన్నింటిని రాగి రేకు మీద వేశాడు కాబట్టి మెరుపు, నునుపు ఎక్కువ. హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్‌లో ఉన్న ఆయన ప్రసిద్ధ చిత్రంలో కూజా ఒక కిటికీ కమానులో ఉంటుంది. వెనక నల్లదనం లేదు, నీలాకాశం, దూరంగా ప్రకృతి దృశ్యం ఉన్నాయి. తర్వాతి తరంలో యాన్ డేవిడ్స్ డె హేమ్, ఆ తర్వాత రేచెల్ రౌష్ దగ్గరికి వచ్చేసరికి గుత్తి ఏటవాలుగా సాగుతుంది, కాడలు మెలికలు తిరుగుతాయి, సగం పూలు నీడలోకి వెళ్లిపోతాయి. మీ మనసులో ఉన్నది బహుశా ఇదే. వాన్ హౌసుమ్ 1720ల నుంచి మళ్లీ వెలుతురు బ్యాక్‌గ్రౌండ్ వైపు మళ్లాడు. నల్ల గుడ్డ కట్టి బోస్‌హార్ట్‌లా సమంగా పూలు పేర్చితే రెంటికీ చెడుతుంది.

ఒక్క చిత్రాన్నే ఎంచుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం తన సేకరణలోని పాత చిత్రాలను పెద్ద సైజులో ఉచితంగా ఇస్తోంది. దాన్ని స్క్రీన్ మీద పెట్టుకుని కళ్లు సగం మూసి చూడండి. వివరాలు పోయి వెలుతురు ముద్దలు మాత్రమే మిగులుతాయి. రౌష్ లాంటివారి చిత్రాల్లో సాధారణంగా మధ్యలో రెండు మూడు లేతరంగు పూలు ఒక వెలుగు ముద్దగా ఉంటాయి, అక్కణ్నుంచి చుట్టూ రంగు ముదురుతూ అంచుల్లో దాదాపు కనిపించకుండా పోతుంది. ఆ ముద్దల్ని ఒక కాగితం మీద పెన్సిల్‌తో గీసుకోండి. గీత వంకరగా వచ్చినా ఫర్వాలేదు. ఆ కాగితమే మీ ప్లాను.

పూల విషయంలో కొంచెం ఖచ్చితంగా చెబుతాను, ఎందుకంటే చూసేవాడికి కారణం తెలియకపోయినా ఇక్కడే అనుమానం వస్తుంది. జెర్బెరా పక్కన పెట్టేయండి, అది యూరప్ తోటల్లోకి చాలా ఆలస్యంగా వచ్చింది. డాలియా కూడా పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మెక్సికో నుంచి వచ్చినదే. ఇవాళ దుకాణాల్లో దొరికే, మధ్యలో మొన తేలిన పొడుగు మొగ్గ గులాబీ హైబ్రిడ్ టీ రకం. వాటిలో మొదటిదిగా చెప్పే లా ఫ్రాన్స్ 1867లో వచ్చింది. పాత చిత్రాల్లోది వంద రేకుల గులాబీ, గుండ్రంగా, బరువుగా తలవంచి ఉంటుంది. అది దొరక్కపోతే రేకులు ఎక్కువుండే తోట గులాబీ తీసుకుని బాగా విచ్చుకునేదాకా ఆగండి. మొగ్గ గులాబీ కన్నా రేపోమాపో రాలబోయే గులాబీయే ఇక్కడ పనికొస్తుంది. ఐరిస్, కార్నేషన్, పియోనీ, అనిమోన్, నార్సిసస్, గసగసాల పువ్వు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. బంతి కూడా సరైనదే, అమెరికా ఖండం నుంచి పదహారో శతాబ్దంలోనే యూరప్ చేరింది.

తులిప్ గురించి ఒక మాట. 1637 ఫిబ్రవరిలో ధరలు కుప్పకూలిన ఆ తులిప్ పిచ్చికి మూలమైన ఎరుపు తెలుపు చారల పూలకు కారణం ఒక వైరస్. అది గడ్డను క్రమంగా నీరసపరుస్తుంది. ఇప్పుడు మార్కెట్లో దొరికే చారల తులిప్‌లు మామూలుగా వైరస్ లేకుండా పెంచిన రకాలు, చారలు కొంచెం పద్ధతిగా ఉంటాయి. అయినా ఫోటోకు సరిపోతాయి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ షారన్ కోర్ ఇలాంటి ఫోటోల కోసం పాత రకాల పూలను తానే పెంచుకుంది. అంత ఓపిక అందరికీ ఉండదు. రకం దొరకనప్పుడు ఆకారం చూసుకోండి: ఒకటి గుండ్రం, ఒకటి పొడుగు, ఒకటి గంటలా వేలాడేది, కొన్ని చిన్న చుక్కల్లాంటివి. అన్నీ ఒకే సైజులో ఉంటే ఎంత గొప్ప వెలుతురైనా గుత్తిని కాపాడలేదు.

ఇక పేర్చడం. కూజా లోపల ఇనుప జాలీని ఉండలా నలిపి కుక్కండి, కాడ ఎటు గుచ్చితే అటే నిలబడుతుంది. గాజు కూజా అయితే జాలీ కనిపిస్తుంది కాబట్టి మట్టిది, రాగిది లేదా పింగాణీది తీసుకోండి. పైకి, పక్కలకు వెళ్లాల్సిన పూల కాడ పొట్టిగా ఉంటే చిన్న నీటి గొట్టంలో పెట్టి, సన్నని పుల్లకు కట్టి, ఆకుల వెనక దాచండి. నిజంగా నిలబడలేని గుత్తిని నిలబెట్టే మార్గం ఇదే. కొన్ని పూలను కెమెరాకు వీపు చూపేలా తిప్పండి. మనవాళ్లు చాలామంది దీన్ని మరిచిపోతారు. పాత చిత్రాల్లో గులాబీ వెనక వైపు, తులిప్ పక్క వైపు, కాడ మీద నూగు అన్నీ కనిపిస్తాయి. అన్ని పూలూ కెమెరా వైపే చూస్తుంటే అది గ్రూప్ ఫోటో అవుతుంది. మెలి తిరిగిన ఒక కాడను గుత్తి దాటి బయటికి రానివ్వండి. బల్ల అంచు మీదికి ఒక ఆకో, రాలిన రేకో కొద్దిగా ముందుకు వాలితే లోతు వస్తుంది.

పూలను ముందురోజు సాయంత్రం కాడ చివర ఏటవాలుగా కోసి, చల్లని చోట లోతైన నీళ్లలో ఉంచండి. గసగసాల పువ్వుకు మాత్రం కోసిన చివరను మంట మీద ఒక్క క్షణం కాల్చాలి, లేకపోతే పాలు కారి త్వరగా వాడుతుంది. తులిప్ కోసిన తర్వాత కూడా పెరుగుతుంది, వెలుతురు వైపు వంగుతుంది. పొద్దున పెట్టిన తులిప్ మధ్యాహ్నానికి ఇంకో చోట ఉంటుంది. టెన్షన్ పడకండి, చాలాసార్లు అది వంగిన తీరే మనం పెట్టినదానికన్నా బాగుంటుంది.

వెలుతురు. కిటికీ మీకు ఎడమ వైపు ఉండనివ్వండి, ఎండ నేరుగా పడకూడదు. కిటికీ కింది సగాన్ని అట్టతోనో దుప్పటితోనో మూసేయండి. ఉత్తర యూరప్ చిత్రకారులు తమ గదుల్లో కింది తలుపులు మూసి, వెలుతురు ఎత్తు నుంచి వచ్చేలా చూసుకునేవాళ్లు. మీ ఫోటోలో వెలుతురు పూల మట్టంలోనే పక్క నుంచి వస్తోంది కాబట్టి కూజాకూ, పైన పువ్వుకూ ఒకే వెలుగు పడి అంతా చదునుగా తేలింది. ఎత్తు నుంచి వస్తే పై రేకులు వెలిగి, ప్రతి పువ్వూ తన కింది పువ్వు మీద నీడ వేస్తుంది. గుత్తిని కిటికీకి దగ్గరగా జరిపితే కుడి వైపు త్వరగా చీకటి పడుతుంది. దూరం జరిపితే నెమ్మదిగా పడుతుంది. రౌష్ లాంటి లోతైన నీడలకు దగ్గర, బోస్‌హార్ట్ లాంటి సమానమైన వెలుగుకు దూరం. కుడి వైపు తెల్ల అట్ట పెట్టే అలవాటుంటే దాన్ని బాగా వెనక్కి జరపండి, లేదా తీసేయండి. నీడలో పువ్వు సగం మాయమైతే మాయం కానివ్వండి.

నల్ల గుడ్డ తీసేయమని నా సలహా. నిజమైన నలుపు వెలుతురును మొత్తం మింగేస్తుంది, పూలు గాల్లో కత్తిరించి అతికించినట్టు ఉంటాయి. పాత చిత్రాల వెనక ఉండేది ముదురు గోధుమ, ఆకుపచ్చ కలిసిన బూడిద లాంటి రంగులు, అవి కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండవు. ఒక పెద్ద అట్టకు రెండు మూడు ముదురు రంగులు ఎగుడుదిగుడుగా పూయండి, మెరుపు లేని రంగు కావాలి. దాన్ని గుత్తికి మీటరుకు పైగా వెనక పెట్టండి. తర్వాత జాగ్రత్తగా గమనించండి: చాలా చిత్రాల్లో వెలుతురు పడే ఎడమ వైపున బ్యాక్‌గ్రౌండ్ చీకటిగా, నీడ పడే కుడి వైపున కాస్త తేటగా ఉంటుంది. వెలిగిన రేకు చీకటి మీద, చీకటి ఆకు తేట మీద కనిపిస్తుంది. గుత్తికీ కిటికీకీ మధ్య, కాస్త వెనగ్గా ఒక నల్ల అట్ట నిలబెట్టి, వెనక అట్ట ఎడమ భాగం మీద వెలుతురు పడకుండా ఆపితే ఇది వచ్చేస్తుంది. ఇది చూశాక మామూలు నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీకే నచ్చదు.

కెమెరా సంగతి తొందరగా చెప్పేస్తాను. 85 నుంచి 100 మిల్లీమీటర్ల లెన్స్ ఏదైనా చాలు, జూమ్ అయినా సరే. ట్రైపాడ్ తప్పనిసరి. ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్ 8 లేదా ఎఫ్ 11, షట్టర్ ఒకటి రెండు సెకన్లు పట్టినా ఇబ్బంది లేదు, ఫ్యాన్ మాత్రం ఆపండి. వెనక భాగం మసకబారేలా ఎఫ్ 2.8లో తీయకండి. ఆ మసక లెన్స్‌కు పుట్టినది, ఆ చిత్రాల్లో అలాంటిది లేదు. అక్కడ అంచులు కరిగిపోయేది చీకట్లో, ఫోకస్ తప్పి కాదు. ఎఫ్ 11లో కూడా లోతు చాలకపోతే ముందు నుంచి వెనకకు ఫోకస్ మారుస్తూ కొన్ని ఫ్రేములు తీసి కలపండి, తులిప్ కదలకముందే త్వరగా కానివ్వండి. ఎరుపు పూలు తీసేటప్పుడు మామూలు హిస్టోగ్రామ్‌ను (ఫోటోలో వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫ్) నమ్మకండి, ఎరుపు ఛానల్‌ను విడిగా చూడండి. మొత్తం ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తూనే ఎరుపు ఛానల్ నిండిపోయి రేకు మడతలన్నీ పోతాయి. ఎక్స్‌పోజర్ అర స్టాపో, ముప్పావు స్టాపో (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించి తీయడం మంచిది.

రంగుల దగ్గర మీ ప్రీసెట్ ప్రశ్నకు వస్తాను. పాత చిత్రాల ప్రీసెట్‌లు దాదాపు అన్నీ పసుపు గోధుమ ఛాయ పూస్తాయి. ఆ ఛాయ చిత్రకారుడిది కాదు, పైన పూసిన వార్నిష్ వందల ఏళ్లకు పసుపెక్కడం వల్ల వచ్చింది. వార్నిష్ తీసి శుభ్రం చేసిన చిత్రాలు చూస్తే తెలుపు చల్లగా, ఎరుపు నిప్పులా ఉంటుంది. ఇంకో వింత కూడా ఉంది: చాలా పూల చిత్రాల్లో ఆకులు నీలంగా కనిపిస్తాయి. నీలం రంగు మీద పసుపు కలిపి ఆకుపచ్చ సాధించేవాళ్లు, మొక్కల నుంచి తీసిన ఆ పసుపు వెలుతురుకు వెలిసిపోయి నీలం మాత్రం మిగిలింది. నీలం ఆకులు పెట్టడం తప్పని అనను. కానీ మీరు అనుకరిస్తున్నది చిత్రకారుడినా, చిత్రం మీద గడిచిన కాలాన్నా అన్నది మీకు తెలిసి ఉండాలి. నేనైతే గ్రే కార్డుతో (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) తెలుపు సరిచేసి, ఆకుపచ్చల్లో రంగు గాఢత కొంచెం తగ్గించి, నీడల్లో చిటికెడు వెచ్చదనం ఇచ్చి అక్కడితో ఆపేస్తాను. డిజిటల్ కెమెరా ఆకుపచ్చ మరీ పచ్చిగా ఉంటుంది, గ్రీటింగ్ కార్డు వాసన సగం అక్కణ్నుంచే వస్తుంది.

నిజంగా ఆ కాలం పద్ధతికే వెళ్లాలనుకుంటే ఒక్క క్లిక్‌తో తీయకండి, నెలల తరబడి కూర్చండి. ఏ పువ్వు పూసినప్పుడు ఆ పువ్వును విడిగా, రెండు మూడు కోణాల్లో ఫోటో తీసి దాచుకుని, తర్వాత ఫోటోషాప్‌లో గుత్తి కట్టండి. బ్రూగెల్ చేసింది ఇదే కాబట్టి ఇది మోసమని ఎవరైనా అంటే పట్టించుకోకండి, అయితే ఫోటో కింద కూర్చిన చిత్రమని రాయడం మర్యాద. దీనికి నియమం ఒకటే, వెలుతురు దిక్కు, ఎత్తు, లెన్స్, కెమెరాకూ పువ్వుకూ మధ్య దూరం ఎప్పుడూ మారకూడదు. నేల మీద టేపుతో గుర్తులు పెట్టుకోండి. ప్రతి పువ్వు వెనకా అదే ముదురు అట్ట ఉంచండి, అంచులు కత్తిరించేటప్పుడు తెల్ల గీతలు రావు. అతికించడంలో అందరూ చిక్కుకునేది నీడల దగ్గర. పై పువ్వు నీడ కింది పువ్వు మీద పడకపోతే కన్ను వెంటనే పట్టేస్తుంది, ఆ నీడలను చేత్తో వేయాల్సిందే.

నీటి బొట్లు కావాలంటే నీళ్లలో గ్లిజరిన్ కలిపి సన్నని సూదితో ఒకటి రెండు చోట్ల పెట్టండి, స్ప్రే కొట్టకండి. పురుగులు, సీతాకోకచిలుకలు కూడా ఆ చిత్రాల్లో భాగమే. కానీ ఫోటో కోసం ప్రాణమున్న పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చే పద్ధతిని నేను సమర్థించను. తానే చచ్చి దొరికినది వాడండి, లేదా వదిలేయండి.

చివరగా, ఎవరూ పెద్దగా ప్రయత్నించని ఇంకో దారి కూడా చెప్పాలి, నాకు ఎక్కువ ఇష్టమైనది కూడా అదే. చరిత్ర అంటే చిత్రలేఖనమే కానక్కర్లేదు, ఫోటోగ్రఫీకే సొంత పూల చరిత్ర ఉంది. 1850ల మధ్యలో ఫ్రాన్స్‌లో అడోల్ఫ్ బ్రాన్ అనే వస్త్ర డిజైనర్, డిజైన్ గీసేవాళ్లకు నమూనాలుగా ఉండాలని దాదాపు మూడు వందల పూల ఫోటోలు తీశాడు. 1860లో ఇంగ్లండ్‌లో రోజర్ ఫెంటన్ పళ్లు, పూలు కలిపి గొప్ప స్టిల్ లైఫ్‌లు (కదలని వస్తువులను పేర్చి తీసే ఫోటోలు) తీశాడు. అప్పట్లో ఫిల్మ్‌లా వాడిన కొల్లోడియన్ పూత గాజు పలకలకు నీలం, ఊదా, అతినీలలోహిత కిరణాలే తెలుస్తాయి, ఎరుపు దాదాపు తెలియదు. అందువల్ల ఎర్ర గులాబీ నల్లగా, పసుపు పువ్వు ముదురు బూడిదగా, నీలి ఐరిస్ తెల్లగా వస్తుంది. ఇప్పుడు దీన్ని సాధించడం సులువు. కలర్‌లో తీసిన ఫోటోను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఛానల్ మిక్సర్‌లో నీలం 100, ఎరుపు 0, ఆకుపచ్చ 0 పెట్టి నలుపు తెలుపు చేయండి. నీలం ఛానల్‌లో నాయిస్ (గరుకు చుక్కలు) ఎక్కువ కాబట్టి ఎక్స్‌పోజర్ ధారాళంగా ఇవ్వాలి. ఈ దారిలో నల్ల బ్యాక్‌గ్రౌండ్ అవసరమే లేదు, తేట బూడిద గోడ ముందు ముదురు ఎరుపు పూలు పెట్టి చూడండి. ఇక్కడ మాత్రం మీ హైబ్రిడ్ టీ గులాబీలు కూడా పనికొస్తాయి, రంగు ఎలాగూ మారిపోతుంది కాబట్టి ఆకారం ఒక్కటే చూసుకోవాలి.

కెమెరా కూడా వద్దనుకుంటే సయనోటైప్ ఉంది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు, 1843 నుంచి అన్నా ఆట్కిన్స్ సముద్రపు నాచు మొక్కలను ఆ పద్ధతిలో అచ్చువేసింది. వెలుతురుకు మారే రసాయనం పూసిన కాగితం మీద పువ్వు పెట్టి ఎండలో ఉంచి, నీళ్లలో కడిగితే నీలం మీద తెల్లని ఆకారం మిగులుతుంది. దళసరి గులాబీ కన్నా పలుచని రేకుల పూలు, ఫెర్న్ ఆకులు దీనికి బాగుంటాయి.

తర్వాతి ఫోటో పెట్టేటప్పుడు ఏ చిత్రాన్ని ముందు పెట్టుకున్నారో, కిటికీకి గుత్తి ఎంత దూరంలో ఉందో, వెనక అట్ట ఎంత దూరంలో ఉందో రాయండి. వీలైతే గది మొత్తం కనిపించేలా ఫోన్‌తో ఒక ఫోటో కూడా జత చేయండి, ఏ అట్టను ఎటు జరపాలో చెప్పడానికి తేలికవుతుంది.